ఖాళీ క్యాను చప్పుడు

సైకిలు మా నడవలో గోడకు ఆనించి ఉండేది. దాని హ్యాండిలు మీద మా ఆవిడ తడి తువ్వాళ్ళు ఆరేయడం చూసిన రోజున నా మనసు చివుక్కుమంది. ఆమెను ఏమనగలను? ఏడు నెలలుగా ఆ బండిని కదిపిన పాపాన పోలేదు నేను. వెనక చక్రంలో గాలి పూర్తిగా దిగి టైరు నేలకు అతుక్కుపోయింది. చైను మీద నూనే దుమ్మూ కలిసి నల్లటి జిగురు కట్టింది. దాన్ని వేలితో తాకి, ఆ వేలి వంక చూసుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను.

అంతకు ముందు మూడేళ్ళపాటు ఒక్క పూట మానలేదు. మొదలుపెట్టినప్పుడు నాకు 51 ఏళ్ళు. చక్కెర జబ్బు గడపలో నిలబడి ఉందని డాక్టరు చెప్పాక, మా బడిలో సోషల్ చెప్పే మిత్రుడు నన్ను సైకిలు ఎక్కించాడు. ఇద్దరం గుంటూరు వెళ్ళి చెరో గేరు సైకిలు కొనుక్కొచ్చుకున్నాం.

రెంటచింతలలో సైకిలు తొక్కాలనుకునేవాడికి తెల్లవారుజాము తప్ప వేరే పొద్దు లేదు. వేసవి వచ్చిందంటే వార్తల్లో మా ఊరి పేరు మోగిపోతుంది. ఇక్కడ వాతావరణ శాఖ వారి కేంద్రం ఉంది. రాష్ట్రంలో ఇవాళ ఎండ ఎక్కడ ఎక్కువ అంటే, చాలాసార్లు జవాబు మేమే. 45 డిగ్రీలు దాటడం మాకు వింత కాదు. కింద సున్నపురాయి, పైన ఎండ, చుట్టూ నీడ తక్కువ. సముద్రపు గాలి ఇంత దూరం రాదు. పగలంతా కాగిన రాయి రాత్రి పదింటికి కూడా సెగ వదులుతూనే ఉంటుంది. నాపరాళ్ళు పరిచిన అరుగు మీద పడుకుని పెరిగినవాళ్ళకు ఆ సంగతి వీపే చెబుతుంది. ఆ రాయి చల్లబడేది నాలుగింటి నుంచి ఆరింటి దాకా. ఆ రెండు గంటలే మాకు దక్కిన చలువ. మా రైతులు చీకటితోనే లేచేది అందుకే, మిరప కోతల కూలీలను ఎక్కించుకున్న ఆటోలు కోడి కూసేసరికి కదిలేదీ అందుకే.

ఆ రెండు గంటల్లో నేనూ మిత్రుడూ చూడని దారి లేదు. ఒకరోజు గోలి, ఒకరోజు తుమృకోట, ఇంకోరోజు మంచికల్లు, ఆదివారమైతే కృష్ణ ఒడ్డున సత్రశాల. సత్రశాలలో రేవు మెట్ల మీద కూర్చుని, మల్లికార్జునస్వామి గుడి గంట విని, నీళ్ళు ముఖాన చల్లుకుని వచ్చేవాళ్ళం. మంచికల్లు వెళితే మిత్రుడు పల్లవుల తొలినాటి శాసనం గురించి చెప్పేవాడు. గోలి వెళితే స్తూపం గురించి. 1926లో ఫ్రెంచి పండితుడు జువో దుబ్రేయ్ ఆ శిల్పాలను వెలికి తీశాడనీ, అవి ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉన్నాయనీ, వాటిలో వెస్సంతర జాతకం చెక్కిన పలక ఉందనీ ఎన్నిసార్లు చెప్పాడో. ఆ కథలో, అడిగినవాడికి లేదనకుండా ఇచ్చే వెస్సంతర రాజు చివరికి కన్నబిడ్డలిద్దరినీ ఒక ముసలి బ్రాహ్మణుడికి దానమిచ్చేస్తాడు. పిల్లలు భయపడి కొలనులో తామరాకుల చాటున దాక్కుంటారు. "అందరూ రాజు త్యాగమే చూస్తారోయ్. నీళ్ళలో నక్కిన ఆ పిల్లల గుండె ఎట్టా కొట్టుకుందో ఎవరికీ పట్టదు" అనేవాడు మిత్రుడు. చెబుతూ చెబుతూ పెడలు తొక్కడం ఆపేసేవాడు. సైకిలు దానంతటది జారుతూ ఉండేది.

జూన్‌లో ఆయనకు బదిలీ అయింది. నరసరావుపేట అవతల ఎక్కడో వేశారు. వెళ్ళేముందు రోజు కూడా సత్రశాల వెళ్ళొచ్చాం.

ఒంటరిగా ఒక వారం తొక్కాను. రెండో వారం వానన్నాను. మూడో వారం బడిలో పని ఎక్కువైందన్నాను. తర్వాత ఏ సాకూ చెప్పుకోలేదు, లేవడం మానేశాను, అంతే. ఇష్టం పోవడం ఎట్లా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. అది కోపంలా రాదు, బాధలా రాదు. పక్క మీద మెలకువ వచ్చి, ఐదయిందని తెలిసి, కాళ్ళు బాగానే ఉన్నాయని తెలిసి, అయినా కదలకపోవడం. నేను చాలా తంటాలు పడ్డాను. అలారం పెట్టిన ఫోనును అవతలి గదిలో పెట్టాను. లేచి, ఆపేసి, వచ్చి పడుకున్నాను. బూట్లు మంచం పక్కనే పెట్టుకున్నాను. ఉదయం వాటిని దాటుకుంటూ పంపు దగ్గరికి పోయాను. మా ఆవిడ బతిమాలింది, ఒకసారి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. వాళ్ళ నాన్నగారు చక్కెర జబ్బుతోనే కాలు పోగొట్టుకుని పోయారు. ఆ కన్నీళ్ళు నన్ను రెండు రోజులు నడిపించాయి. మూడో రోజు మళ్ళీ మామూలే.

సంక్రాంతి వెళ్ళాక రక్తపరీక్ష చేయిస్తే పరగడుపున 148 వచ్చింది. ఆ సాయంత్రమే తువ్వాళ్ళు తీసి మడతపెట్టి లోపల పెట్టి, సైకిలును నడిపించుకుంటూ షాపుకు తీసుకుపోయాను.

ఆ షాపు తాత దగ్గరే నేను చిన్నప్పుడు సైకిలు నేర్చుకున్నాను. అప్పట్లో ఆయన దగ్గర అద్దె సైకిళ్ళు వరసగా నిలబడి ఉండేవి, గంటకు పావలా. సీటు అందని ఈడులో, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేవాళ్ళం. ఇప్పుడు అద్దెకు అడిగేవాడు లేడు. ఆయన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా బడిపిల్లల సైకిళ్ళే. ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు 'బడికొస్తా' పేరుతో ఊరికే ఇచ్చిన సైకిళ్ళు, అక్క నుంచి చెల్లికి, చెల్లి నుంచి పక్కింటి పిల్లకు చేతులు మారుతూ ఇంకా తిరుగుతున్నాయి. తాత వాటికి డబ్బులు సరిగా తీసుకోడు.

నా సైకిలును తలకిందులుగా నిలబెట్టి, చైను ఊడదీసి కిరసనాయిలు గిన్నెలో వేశాడు. వెనక చక్రాన్ని ఒక్క తోపు తోసి, సుద్దముక్కను రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో పట్టుకున్నాడు. చక్రం తిరుగుతుంటే వంకర ఉన్న చోట మాత్రమే సుద్ద గీత పడుతుంది. గీత పడిన దగ్గర ఎదుటి పక్క పుల్లను చిన్న తాళంతో అర చుట్టు బిగిస్తాడు, గీత వైపు పుల్లను అర చుట్టు వదులు చేస్తాడు, గీత తుడిచేస్తాడు, మళ్ళీ తోస్తాడు. ఏడెనిమిది సార్లు అట్లా చేశాక సుద్దముక్క ఎక్కడా తగల్లేదు. చక్రం నీళ్ళలో తిరుగుతున్నట్టు తిరిగింది. డెబ్బై దాటిన ఆ చేతులు వణుకుతాయి. సుద్ద పట్టుకున్నప్పుడు మాత్రం వణకలేదు.

"లైటేదిరా నాయనా?" అన్నాడు.

లేదన్నాను. మిత్రుడి సైకిలుకు ఉండేది, ఆ వెలుగులోనే నేనూ పోయేవాణ్ణి.

"చీకటితో పోతావు. లోడు లారీలు తిరిగే రోడ్డు. లైటు లేకుండా పోతానంటే నేను గాలి కూడా కొట్టను" అని, తనే ఒక లైటు తెప్పించి బిగించాడు. తెల్లటి వెలుగు, సూదిలా పొడుచుకుపోతుంది. ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా రోడ్డు మీద గుంటలన్నీ కనిపిస్తాయి. పాత సామాన్ల డబ్బాలోంచి ఇత్తడి టోపీ ఉన్న బెల్లు ఒకటి తీసి, బూడిదతో తోమి, దాన్నీ పెట్టాడు. "ఈ కొత్త సైకిళ్ళకు గొంతే ఉండదు" అన్నాడు.

మర్నాడు ఐదింటికి బయలుదేరాను. సత్రశాల దారి పట్టాను.

మైలు పోకముందే తొడలు పట్టేశాయి. ఊపిరి ఈల వేస్తోంది. చలి ఇంకా పూర్తిగా పోలేదు, చెవులు మంట. పక్కన ఎవరూ లేరు, చెప్పేవాడు లేడు, వినేవాడు లేడు. ఎందుకొచ్చిన గొడవ, వెనక్కి తిరుగుదాం అనుకుని బ్రేకు మీద వేలు వేశాను. అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. టకటక, టకటక. ఖాళీ పాలక్యాను సైకిలు క్యారేజీ ఊచలకు కొట్టుకునే చప్పుడు. పల్లెటూరివాడికి దాన్ని చెప్పనక్కర్లేదు. నిండు క్యాను అట్లా మోగదు.

నా లైటు వెలుగు ఎక్కడ ఆగిపోతుందో సరిగ్గా అక్కడ ఒక ఎర్ర బిళ్ళ మెరిసింది. వెనక మడ్గార్డు మీది బిళ్ళ. దాని పైన తలకు చుట్టిన తువ్వాలు, మోచేతులు దాటి వేలాడే వదులు చొక్కా. పదిహేను పదహారేళ్ళ కుర్రాడు అనుకున్నాను. ఈ కాలంలో ఆ దారిన అట్లా పోయేవాళ్ళు ఉంటారు. కోసిన మిరపకాయలను చేల దగ్గరే కళ్ళం చేసి ఎండబోస్తారు. ఎర్రటి దుప్పట్లు పరిచినట్టుంటాయి. ధర బాగున్న ఏడు ఒక్కో కళ్ళం మీద ఒక కుటుంబం ఏడాది బతుకంతా ఆరబోసి ఉంటుంది కాబట్టి, రాత్రుళ్ళు ఇంటికొకరు కాపలా పడుకుంటారు. తెల్లవారకముందే ఇంట్లోంచి ఎవరో ఒకరు వాళ్ళకు టీ, సద్దన్నం తీసుకుపోయి, అక్కడ కట్టేసిన గేదెల పాలు పిండుకుని ఊళ్ళోకి తెస్తారు.

ఆ కుర్రాడు హాయిగా తొక్కుతున్నాడు. గేర్లు లేని బరువు సైకిలు, దాని మీద క్యాను, సంచి. నా దగ్గర 21 గేర్ల సైకిలు. నేను వెనక్కి తిరిగిపోతానా? బ్రేకు మీంచి వేలు తీశాను.

ఆ రోజు ఆ ఎర్ర బిళ్ళను చూస్తూనే రెండు మైళ్ళు పోయాను. ఒకచోట ఎడమచేతి వైపు బండ్ల డొంక ఉంది, మొదట్లో పెద్ద వేపచెట్టు. అక్కడ కుర్రాడు డొంకలోకి తిరిగిపోయాడు. టకటకలు చేలలోకి దిగి సన్నబడిపోయాయి. నేను వేపచెట్టు కింద ఆగి, చెమట తుడుచుకుని, తూర్పున తెలుపు వస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఏడు నెలల తర్వాత నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

రెండో రోజు అలారం మోగకముందే లేచాను. ఆ చప్పుడు తప్పిపోతుందేమోనని.

బి.ఇడి. చదివే రోజుల్లో ఒక పాఠం ఉండేది. నార్మన్ ట్రిప్లెట్ అని అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం చదివినాయన, తనకూ సైకిలు పందాలంటే ఇష్టమే, 1898లో ఒక వ్యాసం రాశాడు. సైకిలు పందాల లెక్కలు ముందేసుకుని చూస్తే, ఒంటరిగా కాలంతో పోటీపడి తొక్కినవాడికంటే ముందొకడు దారి తీస్తుంటే తొక్కినవాడు వేగంగా పోతున్నాడని తేలింది. అది గాలి అడ్డు తగ్గడం వల్లే అని కొందరంటే, అదొక్కటే కాదని, పక్కన ఇంకో మనిషి ఉండడమే మనలో దాగిన సత్తువను తట్టి లేపుతుందని ఆయన వాదం. తేల్చుకోవడానికి 40 మంది పిల్లల చేత చేపల గాలపు చక్రాలు తిప్పించి చూశాడు, ఒకసారి ఒంటరిగా, ఒకసారి జంటగా. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ పాఠం నాకు ముప్పై ఏళ్ళ తర్వాత సత్రశాల రోడ్డు మీద అర్థమైంది. ఆ కుర్రాడి వల్ల నాకు తగ్గే గాలి ఏమీ లేదు, అంత దూరంలో ఉండేవాడు. అయినా నన్ను లాగింది అతనే.

రోజులు గడిచేకొద్దీ దూరం తగ్గింది. మొదట ఒక స్తంభం దూరం, ఫిబ్రవరి సగం అయ్యేసరికి అందులో సగం. నేను దగ్గరయ్యేకొద్దీ అతనూ వేగం పెంచేవాడు. సీటు మీంచి లేచి నిలబడి తొక్కేవాడు. ఎంత ముచ్చటేసేదో! ఎవరి బిడ్డో, ఎంత పట్టుదల! ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నేనూ పిలవలేదు. పేరు అడిగి, ఎవరబ్బాయివని అడిగి, కబుర్లలో పడితే ఆట చెడిపోతుందనిపించింది. చీకట్లో ముక్కూ మొహం తెలియని ఇద్దరం, ఒకరికొకరం ఏమీ కాము, అయినా ఒకరి కోసం ఒకరం లేస్తున్నాం అనుకునేవాణ్ణి. డొంక దగ్గర అతను తిరిగిపోయేటప్పుడు మాత్రం నేను రోజూ రెండుసార్లు బెల్లు కొట్టేవాణ్ణి. ట్రింగ్, ట్రింగ్. నా తరఫున దణ్ణం అది. బతికించావు నాయనా, రేపు మళ్ళీ కలుద్దాం అని. ఆ ఇత్తడి గొంతు నిశ్శబ్దంలో చేలన్నిటి మీదుగా పోయేది.

ఒకరోజు టకటకలు వినపడలేదు. రాలేదేమో అనుకుని దిగులుపడ్డాను. కాసేపు బలంగా తొక్కేసరికి ఎర్ర బిళ్ళ మెరిసింది. లైటు వెలుగులో చూస్తే క్యాను చుట్టూ గోనెగుడ్డ చుట్టి తాడుతో కట్టి ఉంది. చప్పుడు లేకుండా ముందే జారుకుందామని ఎత్తు వేశాడన్నమాట! ఇంటికొచ్చి కూడా అది తలుచుకుని మురిసిపోయాను.

ఆ తర్వాత ఒక ఉదయం ఐదింటికి దారంతా ఖాళీ. మర్నాడూ అంతే. అయితే ఇంకా ముందే పోతున్నాడని ఊహించి నాలుగున్నరకు వెళ్ళాను. ఉన్నాడు. కొన్నాళ్ళకు ఆ సమయమూ మారింది. నాలుగింటికి వెళ్ళాను. ఉన్నాడు. ఎండలు ముదురుతున్నాయి కదా, ఎండ ఎక్కకముందే పని తెముల్చుకుంటున్నాడు, తెలివైన పిల్లవాడు అనుకున్నాను. మార్చి వచ్చేసరికి నేను మూడున్నరకు లేస్తున్నాను, అలారం లేకుండా. మా ఆవిడ చీకట్లోనే లేచి నాకు రాగిజావ కాచి ఇచ్చేది. మా ఇంట్లో మళ్ళీ నవ్వులు వినపడ్డాయి. రక్తపరీక్షలో 112 వచ్చింది. నడుం పట్టీ రెండు బెజ్జాలు లోపలికి వెళ్ళింది. మిత్రుడికి ఫోను చేసి చెబితే ఆయన ఆనందానికి అంతులేదు.

బడిలో కూడా నా గొంతు మారిందన్నారు. ఒంటిపూట బడులు పెట్టారు, పిల్లలు మొదటి పీరియడుకే వాడిపోయి వచ్చేవాళ్ళు. తొమ్మిదో తరగతిలో ఒకరిద్దరు బల్ల మీద తల వాల్చి నిద్రపోతుంటే లేపి, మందలించి, "నన్ను చూడండి, 54 ఏళ్ళు. రోజూ తెల్లవారుజామున లేచి సైకిలు తొక్కి వస్తున్నాను. ఒళ్ళు వంచాలి" అని చెప్పాను. పిల్లలు కళ్ళు పెద్దవి చేసి విన్నారు.

మార్చి చివర్లో ఒకరోజు మాత్రం గట్టిగా అనుకుని బయలుదేరాను, ఇవాళ పక్కకు చేరి ఒక్కసారి మొహం చూడాలని. ఆ రోజు అతను తొక్కిన తొక్కుడు నేను జన్మలో మరవను. రోడ్డు మీద మా ఇద్దరి చైన్ల మోత తప్ప ఏమీ లేదు. పది గజాలు, ఎనిమిది గజాలు. అతని ఊపిరి కూడా వినిపిస్తోంది. వేపచెట్టు ఇంకా దూరం ఉండగానే సైకిలును రోడ్డు మీంచి కిందికి దింపేసి, దారీ తెన్నూ లేని ప్రత్తిచేలో పడి పోయాడు. మోళ్ళు విరుగుతున్న చప్పుడు. అడ్డదారి అన్నమాట, గెలిచేశాడు అనుకున్నాను. రోడ్డు మీద ఆగి, ఆయాసంతోనే, మనసారా రెండుసార్లు బెల్లు కొట్టాను.

మర్నాటి నుంచి అతను రాలేదు. నాలుగు రోజులు చూశాను, అన్ని వేళల్లోనూ చూశాను. కాయలు గుంటూరు యార్డుకు తోలేసి కళ్ళం ఎత్తేశారేమో అనుకున్నాను. వెలితిగా ఉంది. కానీ కాళ్ళు ఆగలేదు. ముందు ఎవరూ లేకపోయినా తొక్కగలుగుతున్నాను. పోయిన ఇష్టాన్ని ఆ పిల్లవాడు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఎప్పటికైనా కనిపిస్తే ఒక మంచి లైటు కొనిపెట్టాలని మా ఆవిడతో అన్నాను. అతని సైకిలుకు లైటు లేదు.

ఆదివారం సాయంత్రం గేటు చప్పుడైంది. నలభై ఏళ్ళ మనిషి, చెప్పులు గేటు బయటే విప్పి వచ్చాడు. లుంగీ మీద ఎర్రటి మరకలు, మనిషితోపాటు మిరపకాయ ఘాటు కూడా లోపలికి వచ్చింది. నేను నడవలో సైకిలు తుడుచుకుంటున్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, నాపరాయి గడప మీద గొంతుక్కూర్చున్నాడు.

"మా పాప మీ కాడే తొమ్మిది చదువుతాంది సారూ. నాలుగు రోజుల నుంచి బడికి రావట్లా."

"ఏమయింది? ఒంట్లో బాగాలేదా?"

"మోకాలు చిప్ప కాడ చీరుకుపోయింది. అది మానుద్దిలే సారూ. సైకిలెక్కనంటాంది. ఇంట్లోంచి అడుగు బయటపెట్టనంటాంది. కళ్ళం కాడ నేను పడుకుంటా, దాని తల్లి కోతలకు పోద్ది. తెల్లారుజామున టీ తెచ్చి పాలు తీసుకుపోయేది ఇదే. దారిలో బయమెయ్యకుండా నా చొక్కా తొడుక్కుని తువ్వాలు చుట్టుకుని మగపిలగాడి మాదిరి వచ్చేది. రెండు నెలల బట్టీ ఎవడో దాని యెనకమాల పడ్డాడంట."

నా చేతిలో గుడ్డ అట్లాగే ఉంది.

"నాతో చెప్పలా సారూ. చెబితే నేను కళ్ళం వదిలేసి వత్తానని, కాయలు పోతాయని చెప్పలేదంట. మొహం కనపడదంట, తెల్లటి లైటొక్కటే. ఇది తొందరగా తొక్కితే వాడూ తొందరగా తొక్కుతాడంట. చప్పుడు వినపడకుండా క్యానుకు గోనె చుట్టుకుందంట పిచ్చిది. అయినా వదల్లా. నాలుగున్నరకు పోయి చూసింది, నాలుగుకు పోయి చూసింది. వాడూ అప్పుడే తగులుకున్నాడంట. డొంక కాడికి రాగానే రెండుసార్లు బెల్లు కొడతాడంట, రేపు మళ్ళీ వత్తానన్నట్టు. మొన్న చేలో పడి పరిగెత్తుకొచ్చి నా మీద పడిపోయింది. అప్పుడు కూడా రోడ్డు మీద నిలబడి కొట్టాడంట. నిద్దట్లో ఆ బెల్లే పలవరిస్తాంది."

గేటు బయట ఆ పిల్ల నిలబడి ఉంది. మోకాలి దగ్గర పరికిణీ చేత్తో పట్టుకుని. బల్ల మీద తల వాల్చి నిద్రపోతుంటే నేను లేపి మందలించిన పిల్ల.

"మీరు రోజూ తెల్లారుజామున సైకిలు తొక్కుతారని క్లాసులో చెప్పారంట గదా. ఏ దారిన పోతారో నాకు తెలవదు. ఈ కళ్ళం ఎత్తేదాకా ఒక్క పది రోజులు మీరు దానికి తోడు రాగలరేమోనని. ఎవురు వస్తానన్నా వద్దంది సారూ. 'మా లెక్కల సారయితే ఎక్కుతా' అంది."

ఆయన లేచి నిలబడి, నా వెనక గోడకు ఆనించి ఉన్న సైకిలు వైపు ఆశగా చూశాడు.

"చీకటి బాగా ఉంటది సారూ ఆ దారిలో. మీ దానికి లైటుందా?"